ఎంబీఏ ప్రాజెక్టుకు ఏ దారి మేలు? కంపెనీ, సర్వే, వార్షిక నివేదికలు, మార్కెట్ యార్డు, మగ్గం: ఒక పోలిక

చివరి సెమిస్టర్ మొదలవగానే ఎంబీఏ విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్న, "సార్, టాపిక్ ఏం తీసుకోమంటారు?" అనంతపురంలో, కర్నూలులో, కడపలో ఎక్కడైనా ఇదే. నా జవాబు ఎప్పుడూ ఒకటే: టాపిక్ సంగతి తర్వాత చూద్దాం, ముందు డేటా చూసుకోండి. మీ చేతికి నిజంగా ఏ సమాచారం వస్తుంది, ఎవరిస్తారు, ఎప్పటిలోగా ఇస్తారు అనేది తేలితే టాపిక్ వారం రోజుల్లో కుదురుతుంది. ముందు పెద్ద టాపిక్ రాసిచ్చి, దానికి డేటా కోసం తిరిగేవాళ్లే చివరి నెలలో టెన్షన్ పడతారు. చేసేది లేక అంకెలు సృష్టిస్తారు. గైడ్‌గా పనిచేసే మనిషిని నన్ను అన్నిటికంటే బాధపెట్టేది అదే.

మన ప్రాంత విద్యార్థికి ముఖ్యంగా ఐదు దారులున్నాయి. అన్నీ ఒకే విలువైనవి కావు, అందరికీ ఒకటే నప్పదు కూడా.

కంపెనీలో చేరి చేసే ప్రాజెక్టు

అందరూ మొదట అడిగేది ఇదే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల ఫ్యాక్టరీ, తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలు, ఊళ్లోని బ్యాంకులు. పెద్ద పేరున్న కంపెనీ సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగానికి పనికొస్తుందని ఆశ. ఆ ఆశ తప్పేమీ కాదు. కానీ లోపల జరిగేది వేరు. పెద్ద కంపెనీలకు ఇలాంటి ఉత్తరాలు కుప్పలుగా వస్తాయి. అనుమతి రావడానికే నెల పోతుంది. వచ్చాక హెచ్‌ఆర్ విభాగం మిమ్మల్ని కొన్ని రోజులు కూర్చోబెట్టి, కంపెనీ చరిత్ర ఉన్న పుస్తకం చేతికిస్తుంది. ఖర్చులు, జీతాలు, సప్లయర్లకు ఇచ్చే ధరలు బయటివాళ్లకు చూపించరు, చూపించాలని మనం ఆశించకూడదు కూడా. చివరికి రిపోర్టులో సగం కంపెనీ ప్రొఫైలే అవుతుంది.

ఉద్యోగుల సంతృప్తి మీద సర్వే చేస్తానంటే ఇంకో చిక్కు ఉంది. ఫారాలు హెచ్‌ఆర్ వాళ్లే పంచి, వాళ్లే తిరిగి తీసుకుంటే ఏ కార్మికుడు మనసులో మాట రాస్తాడు? అందరూ "అంగీకరిస్తాను" మీద టిక్కు పెడతారు. ఆ అంకెలతో ఎన్ని చార్టులు గీసినా తేలేదేమీ ఉండదు.

అయితే ఈ దారి బాగా పనిచేసే సందర్భం ఒకటుంది. మీరే అక్కడ ఉద్యోగం చేస్తూ ఎంబీఏ చదువుతుంటే, లేదా లోపలి అధికారి ఒకరు తమకున్న ఒక సమస్యను మీకు అప్పగిస్తే, ఇంతకంటే మంచిది లేదు. స్టోర్‌లో విడిభాగాలు ఎందుకు పేరుకుపోతున్నాయి, లారీలు గేటు దగ్గర ఎన్ని గంటలు ఆగుతున్నాయి లాంటి చిన్న ప్రశ్నలు చాలు. అడుగు పెట్టేముందు మూడు సంగతులు తేల్చుకోండి: డేటా ఇచ్చే మనిషి ఎవరు, ఏ రికార్డులు చూడనిస్తారు, ఆ అంకెలు కంపెనీ పేరుతో అచ్చు వేయొచ్చా. వారంలో స్పష్టమైన జవాబు రాకపోతే మొహమాటపడకుండా వేరే దారి చూసుకోండి.

వార్షిక నివేదికలతో ఆర్థిక విశ్లేషణ

ఎవరి అనుమతీ అక్కర్లేదు. లిస్టెడ్ కంపెనీల, అంటే షేర్లు మార్కెట్లో ఉన్న కంపెనీల వార్షిక నివేదికలు బీఎస్ఈ, ఎన్ఎస్ఈ అనే స్టాక్ ఎక్స్ఛేంజీల సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. లిస్ట్ కాని కంపెనీ అయినా, కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో వంద రూపాయలు కట్టి అది దాఖలు చేసిన పత్రాలు చూడొచ్చు. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చదివేవాళ్లకు, ఇల్లు కదలడానికి వీలులేని తల్లులకు ఇది సరైన దారి.

ఈ దారికి చెడ్డపేరు తెచ్చింది "ఎ స్టడీ ఆన్ రేషియో అనాలిసిస్" అనే టాపిక్కే. ఐదేళ్ల అంకెలు తీసి, కరెంట్ రేషియో (ఏడాదిలోపు చేతికొచ్చే ఆస్తులకూ, ఏడాదిలోపు తీర్చాల్సిన బాకీలకూ ఉన్న నిష్పత్తి) 2:1 కంటే తక్కువుంది కాబట్టి కంపెనీ పరిస్థితి బాగాలేదని రాసేస్తారు. సిమెంటు కంపెనీకీ, మందుల కంపెనీకీ, సూపర్‌మార్కెట్‌కీ ఒకే కొలత పనికిరాదు. రోజూ నగదు అమ్మకాలుండే వ్యాపారం 1 కంటే తక్కువ రేషియోతో కూడా హాయిగా నడుస్తుంది.

ఇదే దారిలో మంచి పని చేయాలంటే ఒక ప్రశ్న కావాలి. 2021–22లో సిమెంటు బట్టీల్లో కాల్చే బొగ్గు, పెట్‌కోక్ ధరలు పెరిగినప్పుడు రెండు సిమెంటు కంపెనీల్లో ఏది ఆ భారాన్ని బాగా తట్టుకుంది, ఎందుకు? ఈ ప్రశ్నకు ఇంధనం ఖర్చు, అమ్మకాల టన్నులు, అప్పు, వడ్డీ అన్నీ చూడాలి. అప్పుడు రేషియోలు ఒక కథ చెబుతాయి. ఒక జాగ్రత్త: 2019 ఏప్రిల్ 1 నుంచి లీజుల అకౌంటింగ్ నియమం మారింది. అంతకుముందు అద్దె ఖర్చుగా పోయే మొత్తంలో చాలా భాగం ఇప్పుడు బ్యాలెన్స్ షీట్‌లో అప్పుగా కనబడుతుంది. ఈ సంగతి గమనించకుండా 2017 నుంచి 2023 దాకా గ్రాఫ్ గీస్తే, కంపెనీ ఒక్క ఏడాదిలో అప్పులపాలైనట్టు తప్పుగా చదువుతారు. దాన్ని పట్టుకుని ఒక పేరా రాసిన విద్యార్థికి వైవాలో, అంటే నోటి పరీక్షలో, మంచి పేరొస్తుంది.

సర్వే

మన కాలేజీల్లో ఎక్కువమంది చేసేదీ, ఎక్కువగా పాడుచేసేదీ ఇదే. కారణం సులువుగా కనబడటం. గూగుల్ ఫారం తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పడేస్తే సాయంత్రానికి వంద జవాబులు వస్తాయి. కానీ ఆ వందమంది ఎవరు? మీ క్లాసువాళ్లు, హాస్టల్‌వాళ్లు, వాళ్ల తమ్ముళ్లు. టైటిల్‌లో మాత్రం "అనంతపురం జిల్లా వినియోగదారులు" అని ఉంటుంది.

శాంపిల్ సైజు ఫార్ములా గురించి ఒక మాట చెప్పాలి. వెయ్యిమంది ఉన్న జనాభాకు 5 శాతం పొరపాటు ఒప్పుకుంటే 286 మంది కావాలని, 10 శాతం ఒప్పుకుంటే 91 మంది చాలని యమానే ఫార్ములా చెబుతుంది. ఆ లెక్క నిజమవ్వాలంటే ఆ 286 మందిని యాదృచ్ఛికంగా, అంటే జాబితా పెట్టుకుని లాటరీ తీసినట్టు ఎంచుకోవాలి. దొరికినవాళ్లనల్లా అడిగి, చివరలో ఫార్ములా రాసినంత మాత్రాన అది యాదృచ్ఛిక శాంపిల్ కాదు. దొరికినవాళ్లను అడిగాను అని నిజం రాయండి, దాని పరిమితి రాయండి. పరీక్షకులు ఆ నిజాయితీని గౌరవిస్తారు.

ప్రశ్నలు ఎలా అడుగుతారనేది ఇంకా ముఖ్యం. "డిజిటల్ చెల్లింపుల పట్ల మీ సంతృప్తి స్థాయి" అని అడిగితే కూరగాయలమ్మే ఆమె ఏం చెబుతుంది? "పోయిన వారం ఫోన్లో డబ్బులు ఆగిపోయినాయా? ఆగితే ఏం చేశారు?" అని అడగండి, పది నిమిషాలు చెబుతుంది. క్లాక్ టవర్ దగ్గరో, పాతూరులోనో ఒక వీధిలోని దుకాణాలన్నీ వరసగా తిరిగి అడిగితే, నలభై దుకాణాలైనా ఆ వీధి గురించి గట్టిగా మాట్లాడగలరు. కాలేజీ గ్రూపులో మూడొందల జవాబులకు అంత బలం లేదు.

లెక్కల వైపు రెండే రెండు జాగ్రత్తలు. చై స్క్వేర్ (రెండు విషయాలకు సంబంధం ఉందా అని చూసే పరీక్ష) చేసేటప్పుడు టేబుల్‌లో ఏ గడిలోనైనా ఊహించిన సంఖ్య 5 కంటే తక్కువైతే ఫలితాన్ని నమ్మకండి, వర్గాలను కలపండి. ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటిందని సంబరపడేముందు, ఆ ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని అడుగుతున్నాయా చూసుకోండి. సాఫ్ట్‌వేర్ కోసం డబ్బు పోయక్కర్లేదు. జమోవి, జాస్ప్ అనే ప్రోగ్రాములు ఉచితం, ఎంబీఏ స్థాయికి అవి చాలు.

మార్కెట్ యార్డు ధరలు

రాయలసీమ విద్యార్థికి దేవుడిచ్చిన అవకాశం ఇది, కానీ పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ. అనంతపురం యార్డులో చీనీకాయలు (బత్తాయి), ఆదోనిలో పత్తి, కర్నూలులో ఉల్లి, పత్తికొండలో టమాటా. ఈ మార్కెట్లు ఇంటి నుంచి బస్సు దూరంలో ఉన్నాయి. వీటి ధరలు కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో ఏళ్ల తరబడి ఉన్నాయి. ఏ రోజు ఎంత సరుకు వచ్చింది, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర అన్నీ ఉచితంగా దించుకోవచ్చు. సాధారణ ఎక్సెల్‌తోనే నెలవారీ సగటులు, ఏ నెలలో ధర సగటు కంటే ఎంత ఎక్కువో తక్కువో చెప్పే సీజనల్ ఇండెక్స్, ధర ఎంత ఊగిసలాడుతుందో చెప్పే కొలతలు వస్తాయి.

ఇంకొంచెం లోతుకు వెళ్లాలనుకుంటే రెండు మార్కెట్లను పోల్చండి. ఆదోనిలో పత్తి ధర పడినరోజు వరంగల్‌లో కూడా పడుతుందా, ఎన్ని రోజులకు? ఇక్కడ ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. పదేళ్ల ధరలు తీసుకుని నేరుగా కోరిలేషన్ (రెండు అంకెల వరుసలు ఎంత కలిసి కదులుతాయో చెప్పే కొలత, గరిష్ఠం 1) వేస్తే 0.9 పైన వస్తుంది, మార్కెట్లు బాగా కలిసి ఉన్నాయని రాసేస్తారు. రెండు చోట్లా ధరలు కాలంతోపాటు పెరుగుతున్నాయి కాబట్టే ఆ అంకె వచ్చింది. ధరలు కాకుండా, వారం వారం ధరలో వచ్చిన మార్పును తీసుకుని కోరిలేషన్ వేయండి. నిజం అప్పుడు తెలుస్తుంది.

పోర్టల్ అంకెలకు లోపాలున్నాయి. కొన్ని రోజులు ఖాళీగా ఉంటాయి. సెలవా, సరుకు రాలేదా, ఎంట్రీ చేయలేదా తెలియదు. ఆ ఖాళీలను ముందు రోజు ధరతో నింపేయకండి, ఎన్ని ఖాళీలున్నాయో ఒక టేబుల్‌లో చూపించండి. పోర్టల్ ధర క్వింటాల్‌కు, యార్డులో చీనీ మాట టన్నుకు. పదితో గుణించడం మరిచి రిపోర్టంతా తప్పుగా కట్టినవాళ్లున్నారు. రకం, సైజు తేడాలు కూడా ఆ ఒక్క ధరలో కలిసిపోతాయి.

అందుకే పోర్టల్‌తో ఆగకుండా యార్డుకు వెళ్లాలి. వేలం పొద్దున్నే జరుగుతుంది కాబట్టి తెల్లారకముందే బయల్దేరండి. గరిష్ఠ ధర ఇంత అని బోర్డు మీద పడుతుంది, రైతు ఇంటికి తీసుకుపోయేది అంత కాదు. సూటు పేరుతో తీసే తరుగు, కమిషన్, హమాలీ, లారీ బాడుగ పోగా మిగిలినదే ఆయనది. మండీవాళ్లు రాసిచ్చే చీటీలు ఒక ఇరవైమంది రైతుల దగ్గర చూసి, ఆ మినహాయింపులన్నీ ఒక టేబుల్‌గా వేయండి. తర్వాత అదే చీనీ నగరంలో కిలో ఎంతకు అమ్ముతున్నారో తెలుసుకుంటే, కొనేవాడు ఇచ్చిన రూపాయిలో రైతుకు ఎంత చేరిందో వస్తుంది. మార్కెటింగ్ పాఠాల్లో ప్రైస్ స్ప్రెడ్ అని చదువుకున్నది ఇదే. ఇలాంటి రిపోర్టు చదివేటప్పుడు గైడ్‌కు కూడా నేర్చుకునేది ఉంటుంది.

సీజన్ మాత్రం చూసుకోండి. ఖరీఫ్ వేరుశనగ అక్టోబరు, నవంబరుల్లో కోతకొస్తుంది. మీ ప్రాజెక్టు ఫిబ్రవరిలో మొదలైతే పొలంలో ఏమీ ఉండదు, రైతు జ్ఞాపకం మీద ఆధారపడాలి. ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నం ఇంటర్వ్యూలు పెట్టుకోవద్దు. మీకూ కష్టం, వాళ్లకూ కష్టం.

ఒకటీ రెండు చిన్న వ్యాపారాల లోతైన అధ్యయనం

ధర్మవరంలో నేతవాళ్లకు పని ఇచ్చి పట్టుచీరలు నేయించే మాస్టర్ వీవర్, ప్రొద్దుటూరులో బంగారు నగల అంగడి, తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ యూనిట్. ఇలాంటి చోట వారాల తరబడి కూర్చుని, వ్యాపారం ఎలా నడుస్తుందో రాయడం. చేసేవాళ్లు తక్కువ. బాగా చేస్తే అన్నిటికంటే గుర్తుండిపోయే రిపోర్టు ఇదే.

ధర్మవరాన్నే తీసుకోండి. రేషం (పట్టు నూలు), జరీ ఎవరు కొనిస్తారు? మగ్గం ఎవరిది? చీరకు కూలి ఎంత, ముందు తీసుకున్న అడ్వాన్స్ అందులోంచి ఎలా కోస్తారు? అమ్ముడుపోని చీర నష్టం ఎవరి మీద పడుతుంది? అరువు మీద సరుకు తీసుకున్న షాపువాళ్లు ఎన్నాళ్లకు డబ్బు పంపుతారు? శ్రావణంలో ఎంత అమ్ముతారు, ఆషాఢంలో, మూఢంలో మగ్గం ఆపుతారా? వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడపడానికి కావలసిన డబ్బు) చాప్టర్లో చదివిన ప్రతి మాటా అక్కడ మనిషి రూపంలో కనబడుతుంది. చేనేత కుటుంబంలో పుట్టిన విద్యార్థులు దీన్ని వదిలి, ఎక్కడో ఉన్న కార్పొరేట్ కంపెనీ మీద రిపోర్టు రాస్తుంటే నాకు నిజంగా మనసొప్పదు. మీ నాన్న లెక్కల పుస్తకం మీకు తప్ప ఇంకెవరికీ దొరకదు.

కష్టం ఎక్కడుందంటే, నమ్మకం కుదరాలి. మొదటి రోజే అమ్మకాలు ఎంత అని అడిగితే ఎవరూ చెప్పరు. కొన్నిసార్లు వెళ్లాలి, పని చూడాలి, అంకెలు తర్వాత అడగాలి. పేర్లు మారుస్తామని, పన్ను వాళ్లకు ఈ కాగితం ఇవ్వమని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి. ఒకే మనిషి చెప్పింది రాయకుండా యజమాని, నేసేవారు, సరుకు కొనే షాపు ముగ్గురి దగ్గరా విని సరిచూడాలి. వైవాలో "శాంపిల్ ఒకటేనా?" అని తప్పకుండా అడుగుతారు. తడబడకండి. ధర్మవరం అంతా ఇలాగే ఉందని మీరు అనడం లేదు, ఇది ఎలా నడుస్తుందో, ఎందుకు అలా నడుస్తుందో చూపిస్తున్నారు. ఆ తేడా మొదటి చాప్టర్లోనే రాసి పెట్టుకోండి.

ఏ దారైనా, జిల్లా సరిహద్దులు చూసుకోండి

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి, నంద్యాల కర్నూలు నుంచి వేరైంది. 2015 నుంచి 2024 దాకా "అనంతపురం జిల్లా" అని ఒకే వరుసలో అంకెలు పెడితే, 2022 తర్వాత పడిపోయినట్టు కనబడేది సరిహద్దు మార్పే. గ్రామీణ బ్యాంకు మీద రాసేవాళ్లకూ ఇదే చిక్కు. కడప కేంద్రంగా 2006లో ఏర్పడిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మేలో రాష్ట్రంలోని మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఒక్క బ్యాంకయింది. విలీనానికి ముందు, తర్వాత అంకెలు కలిపి పోల్చకండి.

డబ్బిచ్చి రాయించుకునే దారి

ఇది ఎంపికే కాదు, అయినా చెప్పక తప్పదు, ఎందుకంటే ఊళ్లో చాలామంది దీన్ని మామూలు సంగతిగా చూస్తున్నారు. టాపిక్ నుంచి బైండింగ్ దాకా అన్నీ చేసిస్తామనేవాళ్ల దగ్గర అదే రిపోర్టు ఎన్ని కాలేజీలకు వెళ్లిందో మీకు తెలియదు. యూజీసీ 2018లో తెచ్చిన నియమాల ప్రకారం డిసర్టేషన్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే ఆరు నెలల్లోపు మళ్లీ రాసివ్వాలి, 40 దాటితే ఏడాదిపాటు సమర్పించే వీలుండదు, 60 దాటితే ఆ కోర్సులో రిజిస్ట్రేషనే రద్దవుతుంది. శిక్ష సంగతి పక్కన పెట్టినా, తల్లిదండ్రులు అప్పు చేసి చదివిస్తున్న ఆ రెండేళ్లలో మీరు సొంతంగా ఒక ప్రశ్న అడిగి జవాబు వెతికే అవకాశం ఇదొక్కటే. దాన్ని వేరేవాళ్లకు అమ్ముకోవద్దు.

పాత రిపోర్టులు చూడాలంటే శోధ్‌గంగ సైట్‌లో దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా ఉన్నాయి. మన ఎస్కే యూనివర్సిటీ థీసిస్‌లు కూడా దొరుకుతాయి. వాటి ప్రశ్నావళి చూసి నేర్చుకోండి, వాడుకుంటే ఎవరిదో చెప్పండి.

ఎవరికి ఏది

ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు మాత్రమే ఖాళీ ఉన్నవాళ్లు వార్షిక నివేదికల దారి పట్టండి, ఒకే ఒక్క పదునైన ప్రశ్నతో. ఫైనాన్స్‌లో ఉద్యోగం కావాలనుకునేవాళ్లకు కూడా అదే. అంకెలంటే ఇష్టం, పొద్దున్నే లేవగలరు అంటే మార్కెట్ యార్డు. ఇంట్లోనో, బంధువుల్లోనో వ్యాపారం ఉంటే లోతైన అధ్యయనం. మార్కెటింగ్ తీసుకున్నవాళ్లు సర్వే చేయొచ్చు, కానీ జిల్లా మొత్తం కాదు, ఒక వీధి, ఒక సంత, ఒక బస్టాండ్. కంపెనీ దారి లోపల మనిషి ఉన్నవాళ్లకు మాత్రమే. రెండింటి మధ్య తేల్చుకోలేకపోతే, రేపే వెళ్లి కొంచెం డేటా తేగలిగేది ఏదో అది తీసుకోండి.

నన్నే ఒకటి ఎంచమంటే, సొంతంగా, ఎవరి సిఫార్సూ లేకుండా చేయాల్సిన విద్యార్థికి నేను మార్కెట్ యార్డునే చెబుతాను. పోర్టల్ అంకెలు ఎవరూ ఆపలేరు, యార్డు గేటు ఎవరూ మూయరు. ఒకవేళ రైతులు మాట్లాడకపోయినా ధరల విశ్లేషణతో రిపోర్టు నిలబడుతుంది. మాట్లాడితే ఇంకా బాగుంటుంది.

గైడ్ దగ్గరకు వెళ్లేటప్పుడు టాపిక్ పేరు ఒక్కటే పట్టుకుని వెళ్లకండి. ఒక పేజీలో మీ ప్రశ్న రాయండి. ఇంకో పేజీలో ఇప్పటికే తెచ్చిన డేటా కొంచెం అతికించండి: ఒక నెల ధరలు, ఒక చీటీ జిరాక్స్, రెండు ఇంటర్వ్యూల నోట్సు, ఏదైనా సరే. ఆ రెండు పేజీలు చూశాక గైడ్ అడిగే ప్రశ్నలే మారిపోతాయి. వచ్చే నెల రమ్మని పంపించరు, అక్కడే కూర్చోబెట్టి మాట్లాడతారు.